మంత్రి గారూ, ఆ మైనపు ముక్క మేమెందుకు మోయాలి?

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాం, మీ పేషీకి మెయిల్ పెట్టాం, చివరికి 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎవరి సమస్య పరిష్కరించారో గానీ సార్, మాది మాత్రం అలాగే ఉంది.

మీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్‌కి వంక పెట్టట్లేదు. ఏఎన్‌ఎం ఇంటికొచ్చి పిలిస్తేనే మా అక్క వెళ్లింది, తెల్ల మచ్చ ఉందని పెద్దాసుపత్రికి రాశారు, అక్కడ చిన్న ముక్క తీసి బయాప్సీ చేశారు. రిపోర్టులో 'సీఐఎన్-2 అనుమానం, పీ16 ఐహెచ్‌సీ చేయించగలరు' అని ఉంది. సీఐఎన్-2 అంటే క్యాన్సర్ కాదు, దానికి ముందు దశలో కణాల్లో వచ్చే మార్పు. పీ16 ఐహెచ్‌సీ అంటే ఆ ముక్కకి రంగు పట్టించి పీ16 అనే ప్రోటీన్ ఎంతుందో చూసే పరీక్ష. ఆ పరీక్ష అక్కడ లేదట. అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ కేసెట్‌లో మైనంలో బిగించిన ముక్క, టిష్యూ పేపర్‌లో చుట్టిన గాజు స్లైడ్లు చేతిలో పెట్టి, సిటీలో ప్రైవేట్ ల్యాబ్‌కి తీసుకెళ్లండి, ఎండ తగలనివ్వకండి, పోతే మళ్లీ ముక్క తీయాలి అన్నారు. మే నెలలో, ఆర్టీసీ బస్సులో! మైనం కరుగుతుందేమోనని అక్క దాన్ని చల్లటి వాటర్ బాటిల్‌కి ఆనించి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డబ్బులు కూడా మావే. ప్రభుత్వ ఆరోగ్య కార్డు చూపిస్తే 'ఆపరేషన్ అయితే వస్తుందమ్మా, బయట టెస్టుకి రాదు' అన్నారు.

కడుపు మండేది ఇక్కడే. ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ తాలూకు ఈ7 ప్రోటీన్, కణాలు ఇష్టమొచ్చినట్టు పెరగకుండా ఆపే ఆర్‌బీ ప్రోటీన్‌ని పనిచేయనివ్వకపోతే పీ16 అమాంతం పెరుగుతుంది, స్లైడ్ మీద గోధుమరంగులో దట్టంగా కనిపిస్తుంది. అలా కనిపిస్తే వైద్యం చేయాల్సిన మార్పు, లేకపోతే చాలావరకు కనిపెట్టుకుని ఉంటే సరిపోయేది. సీఐఎన్-2 దగ్గర సందేహమొస్తే ఇది చేయాలని అమెరికా పాథాలజిస్టులు 2012లోనే మార్గదర్శకాల్లో రాసుకున్నారు. ఇదంతా మీ అధికారులకి తెలియదనుకోను.

మరి టెస్టు లేనిచోట ఏం చెబుతారు? 'ఎందుకొచ్చిన టెన్షన్, పిల్లలున్నారుగా, గర్భసంచి తీయించేసుకో.' మా అక్కకీ అదే చెప్పారు. పాజిటివ్ వచ్చినా చాలామందికి లీప్‌తో, అంటే కరెంటుతో వేడెక్కే సన్నటి తీగతో, ఆ కాస్త భాగం తీస్తే సరిపోతుందని ఎవరూ చెప్పలేదు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో దేశంలో ముందు వరసలో ఉన్నవి మన రెండు తెలుగు రాష్ట్రాలేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంటే, మీరేమో కోతకి డబ్బిస్తారు, కోత అవసరమా కాదా తేల్చే పరీక్షకి ఇవ్వరు. ఇదేం లెక్క సార్?

మా అక్కకి పీ16 నెగెటివ్ వచ్చింది, ఆర్నెల్లకి మళ్లీ రమ్మన్నారు. ఓపీలో మా పక్కన కూర్చున్నావిడ కూడా ఇలాంటి రిపోర్టే పట్టుకుని వచ్చింది. సిటీకి వెళ్లే స్థోమత లేక ఆపరేషన్‌కి వేలిముద్ర వేసేసింది.

ప్రతి ప్రభుత్వ మెడికల్ కాలేజీ పాథాలజీలో పీ16 పెట్టించండి, వీలైతే కణాలు ఎంత జోరుగా పెరుగుతున్నాయో చూపే కేఐ-67 పరీక్ష కూడా. అంతవరకు కనీసం ఆ మైనపు ముక్కలు ఆసుపత్రే పంపించుకోవాలి, ఖర్చు కార్డులో రావాలి. పీహెచ్‌సీ నుంచి రక్తం శాంపిళ్లు బండి మీద వెళ్తున్నప్పుడు ఇవెందుకు వెళ్లవు? దండం పెట్టి అడుగుతున్నా, అక్కని మళ్లీ రమ్మన్నది నవంబర్‌లో, అప్పటికైనా ఏదో ఒకటి చేయండి.

ఇట్లు,
ఓ చెల్లెలు