మూడు మిల్లీలీటర్లు మర్చిపోయాం

విద్యార్థులకు, వాళ్ల ఫీజు కట్టే పెద్దవాళ్లకు నమస్కారం.

బ్రాడీపేటలో రెండు గదుల్లో నడిచే మన బయోకెమిస్ట్రీ కోచింగ్‌లో ఉగాదికల్లా నలభై వీడియోలు పెడతానని సంక్రాంతికి చెప్పాను. పద్దెనిమిదే అయ్యాయి. పగలు క్లాసులు, రాత్రి రికార్డింగు చేసేద్దామనుకోవడం నా అత్యాశ.

ఆ పద్దెనిమిదిలోనూ ఒకటి తప్పు. ఎంజైమ్ యాక్టివిటీ, అంటే ఎంజైమ్ ఎంత వేగంగా పనిచేస్తుందో చెప్పే లెక్క. 340 నానోమీటర్ల కాంతి దగ్గర ఎన్‌ఏడీహెచ్ (చర్యలో తయారయ్యే పదార్థం) అబ్జార్బెన్స్, అంటే కాంతిని పీల్చుకునే కొలత, నిమిషానికి 0.311 పెరిగింది, క్యూవెట్ (మిశ్రమం పోసే చిన్న పాత్ర) వెడల్పు 1 సెం.మీ., మిశ్రమం 3 మి.లీ. 0.311ని ఎన్‌ఏడీహెచ్‌కి ఉన్న స్థిరాంకం 6,220తో భాగిస్తే లీటరుకు నిమిషానికి 50 మైక్రోమోల్స్. అక్కడిదాకా సరే. తర్వాత 1 మి.లీ. ఉన్నట్టు లెక్కేసి 0.05 యూనిట్ (యూనిట్ అంటే నిమిషానికి ఒక మైక్రోమోల్) అనేశాను. సరైన జవాబు 0.15. తెనాలి నుంచి చదువుకుంటున్న అమ్మాయి అర్ధరాత్రి మెసేజ్ పెట్టి అడిగేదాకా నాకు తట్టలేదు. పాత నోట్సు దించుకున్నవాళ్లు ఆ పేజీ కొట్టేయండి, సరిచేసింది పెట్టాం.

అప్పుడే ఇంకోటి కూడా అర్థమైంది. ఆ వీడియో చూసినవాళ్లంతా 'బాగా అర్థమైంది సార్' అన్నవాళ్లే. చూడటం వేరు, చేయడం వేరు. అసలు మనలో చాలామంది బైపీసీ తీసుకున్నదే లెక్కలు తప్పించుకోవడానికి (నేనూ అంతే).

అందుకని మిగతా వీడియోలు తగ్గించి, మీరే అంకెలు మార్చి చూసుకునే ఎక్సెల్ షీట్లు చేస్తున్నాం. ఎంజైమ్ చర్య రేటునీ, సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ పనిచేసే పదార్థం) గాఢతనీ తలకిందులు చేసి, అంటే 1ని వాటితో భాగించి గీసే లైన్‌వీవర్-బర్క్ గ్రాఫు షీటు ముందు వస్తుంది. రేటు 20 ఉన్నచోట 19.8 అని చదివితే తలకిందుల విలువ 0.05 నుంచి 0.0505 అవుతుంది, అంతే. అదే 0.2 పొరపాటు రేటు 2 దగ్గర జరిగితే 0.5 కాస్తా 0.556 అవుతుంది. సబ్‌స్ట్రేట్ తక్కువుండి రేటు తగ్గిన చుక్కలు గీతనెలా లాగేస్తాయో చేత్తో మార్చి చూస్తేనే తెలుస్తుంది. రెండోది ఫాస్ఫరస్ ఎంతుందో అంచనా, దానికి తెలిసిన మోతాదులతో గీసే స్టాండర్డ్ గ్రాఫు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు, అమెరికాలో ఆయనతో పనిచేసిన ఫిస్కే కలిసి 1925లో ప్రచురించిన పద్ధతే అది. మన ప్రాక్టికల్ రికార్డులో పేరు రాస్తాం కానీ ఆ ఫిస్కే-సుబ్బారోలో సుబ్బారో మనవాడేనని చాలామందికి తెలియదు.

హాస్టల్లో డేటా సరిపోవడం లేదన్నవాళ్ల కోసం ప్రతి పాఠానికీ పీడీఎఫ్, ఆడియో విడిగా ఇస్తాం.

ఇప్పుడున్నవాళ్లకు ఈ ఏడాది ఫీజు పెంచం. నలభై వీడియోల మాట నమ్మి చేరి, ఈ మార్పు నచ్చనివాళ్లు ఈ నెలాఖరులోగా చెబితే మిగిలిన నెలల డబ్బు తిరిగిచ్చేస్తాం. కారణం చెప్పక్కర్లేదు. షీట్లలో తప్పు కనిపిస్తే మాత్రం అర్ధరాత్రయినా మెసేజ్ పెట్టండి.