తుక్కు బొమ్మకు బంగారు రంగెందుకు?

సంపాదకులకు,

పాత ఇనుముతో చేసిన నెమళ్ళు, గుర్రాలు, వీణలు ఇప్పుడు మన పట్టణాల కూడళ్ళలో తరచుగా కనిపిస్తున్నాయి. ఈ పనిలో తెనాలి శిల్పుల చేయి ఎంత తిరిగిందో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఢిల్లీలోని సరాయ్ కాలే ఖాన్ దగ్గర 2019లో ఏడు వింతల నమూనాలను తుక్కుతోనే నిలబెట్టారు. ఇవన్నీ సంతోషించాల్సినవే. చిక్కల్లా, బొమ్మ పూర్తికాగానే దానిమీద బంగారు రంగు దట్టంగా కొట్టడంతో వస్తోంది. అది గేరు చక్రమో గిన్నె మూతో తెలియనప్పుడు తుక్కుతో చేయడం దేనికి? పాడైపోయిన వస్తువు పాడైనట్టు కనబడటమే ఈ కళకు ప్రాణం. చండీగఢ్‌లో 1976లో ప్రజలకు తెరిచిన రాక్ గార్డెన్‌లో దాన్ని తీర్చిదిద్దిన శిల్పి నేక్ చంద్ పగిలిన గాజుల్ని, పింగాణీ పెంకుల్ని దాచలేదు, ముందుకు తెచ్చి చూపించారు.

పైగా ఆ రంగు నిలవదు. తుప్పు గుల్లగా ఉండి తేమను పట్టి ఉంచుతుంది, అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు కోరుతుంది. దాన్ని సరిగా తీయకుండా రంగేస్తే లోపల పెరుగుతూ రంగును పొక్కులుగా లేపుతుంది. చైన్లు, బేరింగుల్లో మిగిలిన గ్రీజు సంగతీ అంతే. వాటిని ఒక రాత్రి కిరసనాయిల్లో నానబెట్టి, సబ్బుపొడి నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, గ్రైండరుకు వైరు బ్రష్ తగిలించి రుద్దాలి. ప్రైమరు అదే రోజు వేయాలి. రాత్రంతా వదిలేస్తే మంచుకు మళ్ళీ పలచని తుప్పు పడుతుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల ఇంకో పని ఉంది. సముద్రపు గాలికి పట్టిన ఉప్పు బ్రష్‌తో పోదు కాబట్టి రంగుకు ముందు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి.

తుప్పు రంగే అందంగా ఉంది, ఉంచుదామనుకుంటే పైన మెరిసే లక్కరు కొట్టొద్దు. మొదటిరోజు అద్దంలా ఉంటుంది, తర్వాత పొరలు పొరలుగా లేస్తుంది. ఊడివచ్చే తుప్పు మాత్రం రాలగొట్టి, దుకాణంలో ‘బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్’ పేరుతో దొరికే అవిసె నూనెలో సమానంగా టర్పెంటైన్ కలిపి పలచగా పూసి, మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. ఏడాదికోసారి మళ్ళీ పూయాలి. తుడిచిన గుడ్డల్ని ముద్దచేసి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరవేయాలి, లేదా నీళ్ళ బక్కెట్లో వేయాలి.

అతుకుల దగ్గరా తప్పులు జరుగుతున్నాయి. పాత బ్రేకు డ్రమ్ములు చాలావరకు బీడువి, అంటే పోత ఇనుమువి. మామూలు ఉక్కుకు వాడే 6013 వెల్డింగ్ రాడ్‌తో అతికితే చల్లారేటప్పుడు టిక్కుమని పగులుతాయి. నికెల్ రాడ్ వాడాలి, ఖరీదనుకుంటే బోల్టు బిగించాలి. జింకు పూత ఉన్న జీఐ పైపును అలాగే వెల్డ్ చేస్తే జింకు తెల్లటి పొగగా లేచి, ఆ రాత్రే చలిజ్వరం తెస్తుంది. పాలు తాగితే విరుగుతుందనేది వెల్డర్లలో పాత నమ్మకమే తప్ప వైద్యం కాదు. అతుకుకు రెండువైపులా రెండేసి అంగుళాలు పూత గీకేసి, గాలి ఆడేచోట, మాస్కు పెట్టుకుని పని చేయాలి. పెట్రోలు ట్యాంకులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నా లోపల ఆవిరి మిగిలి ఉండొచ్చు, నిప్పు తగిలితే పేలతాయి. ఒత్తిడిలో గ్యాసూ నూనే ఉండే షాక్ అబ్జార్బర్లు కూడా అంతే. బొమ్మకు ఎంత ఒదిగినా ఈ రెండిటి జోలికి పోకపోవడమే మేలు.

నీళ్ళు నిలిచే ప్రతి గుంటకూ అడుగున 8 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. లేకపోతే లోపలినుంచి తుప్పు తినేస్తుంది, దోమలూ చేరతాయి. డెంగీ మీద ప్రచారం చేసే మున్సిపాలిటీయే కూడలిలో దోమల తొట్టి పెట్టించినట్టవుతుంది! బొమ్మ కాళ్ళను నేరుగా కాంక్రీటులో పాతొద్దు. ఇనుము కాంక్రీటులోకి దిగే అంచులోనే నీరు నిలిచి, ముందు అక్కడే తెగుతుంది. దిమ్మెను నేలకన్నా ఎత్తుగా, నీళ్ళు జారేలా వాలుగా కట్టి, దానిమీద బేస్ ప్లేటును బోల్టులతో బిగించాలి. విజయవాడకైనా విశాఖకైనా లెక్కలో తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. విప్పిన నెమలి పింఛం ఆ గాలికి తెరచాపే. దాన్ని కంటి అంచనాతో కాక ఇంజినీరు లెక్కతో నిలబెట్టాలి.

ప్లాస్టిక్ సీసాల బొమ్మలది మరో కథ. ఎండకు పెళుసెక్కి ముక్కలై కాలువల్లోకే చేరతాయి. పర్యావరణం పేరుతో వాటిని ఆరుబయట పెట్టడం మానాలి.

బొమ్మకు బరువు లెక్కన బిల్లు కట్టే పద్ధతి ఎక్కడున్నా తీసేయాలి. కిలోకింత అంటే అవసరం లేనిచోట కూడా ఇనుము ఎక్కుతుంది. అంచనాల్లో బంగారు రంగుకు రాసే సొమ్మును శుభ్రతకూ ప్రైమరుకూ రాయాలి. వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి బోల్టులూ అతుకులూ చూసే పనిని, కనీసం అయిదేళ్ళపాటు, టెండరులోనే చేర్చాలి.

ఇట్లు,
పాత ఇనుముతో పనిచేసే శిల్పులు, వెల్డర్లు
గుంటూరు జిల్లా