కారు ధర పక్కనే దాన్ని నడిపే ఖర్చునూ రాయించండి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

కొత్త కారు అమ్మే ప్రతి చోటా, ఆ కారును అయిదేళ్లు ఉంచుకుని నడిపితే మొత్తం ఎంత ఖర్చవుతుందో, అది కిలోమీటరుకు ఎంత పడుతుందో కొనేవారికి ముందుగానే రాతపూర్వకంగా ఇవ్వాలన్న నిబంధన తీసుకురావలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఇంధనం మీద పన్ను తగ్గించమని గానీ, బీమా ప్రీమియంలో రాయితీ ఇమ్మని గానీ నేను అడగడం లేదు. మనిషి తన కష్టార్జితంలో పెద్ద మొత్తాన్ని ఒక వస్తువు మీద పెట్టేటప్పుడు, దాని అసలు ఖర్చు తెలుసుకునే హక్కు అతనికి ఉండాలన్నదే నా విన్నపం.

షోరూంలో కొనేవారి ముందుకు వచ్చే అంకెలు సాధారణంగా మూడే: ధర, మైలేజీ, నెలవారీ వాయిదా. బీమా, పన్నులు, సర్వీసింగ్, టైర్లు, బ్యాటరీ, పార్కింగ్, టోల్, అప్పు మీద వడ్డీ ఒక్కొక్కటిగా తర్వాత వచ్చి చేరతాయి. వీటన్నిటికన్నా పెద్దది, కొత్త కారు విషయంలో చాలాసార్లు ఇంధనం ఖర్చును కూడా మించిపోయేది, కారు విలువ ఏటేటా తరిగిపోవడం. ఆ తరుగుదలకు బిల్లు రాదు, దాన్ని ఎవరికీ నెలనెలా చెల్లించనక్కరలేదు, అందువల్ల అది ఖర్చేనన్న స్పృహ కూడా కలగదు. కారు అమ్మకానికి పెట్టిన రోజున మాత్రమే ఎంత పోయిందో తెలుస్తుంది. పైగా తరుగుదల, బీమా, వడ్డీ అనేవి కారు కదలకుండా ఇంటి ముందు నిలబడి ఉన్నా ఆగవు. తక్కువ దూరం తిరిగేవారికి కిలోమీటరు ఖర్చు ఎక్కువ పడటానికి కారణం ఇదే.

ఈ లెక్క వేసుకోలేకపోవడం కొనేవారి అజాగ్రత్త అని అనుకోవడానికి వీల్లేదు. జర్మనీలో వేలాది మందిని అడిగి చేసిన ఒక సర్వే ఫలితాలు 2020లో ‘నేచర్’ అనే శాస్త్ర పత్రికలో వెలువడ్డాయి. అక్కడి కారు యజమానులు ఇంధనం ఖర్చును ఇంచుమించు సరిగానే చెప్పగలిగినా, తరుగుదల, మరమ్మతులు, పన్నులు, బీమా కలిపిన మొత్తం ఖర్చును మాత్రం అసలు దానిలో దాదాపు సగంగానే అంచనా వేశారని ఆ పరిశోధకులు తేల్చారు. ఏళ్ల తరబడి సొంత కారు నడుపుతున్నవారి అంచనాయే అలా ఉంటే, మొదటిసారి కొనేవారి పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు.

కనిపించే ఆ మైలేజీ అంకె కూడా తప్పుదారి పట్టించగలదు. పదివేల కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తే 1,000 లీటర్లు కావాలి, 12 ఇస్తే సుమారు 833 చాలు; అంటే 167 లీటర్లు మిగులుతాయి. అదే లీటరుకు 20 నుంచి 24కు పెరిగితే మిగిలేవి 83 లీటర్లే. పైకి రెండో తేడాయే పెద్దదిగా కనిపిస్తుంది, కానీ ఆదా అందులో సగం. ఈ భ్రమను అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 2008లోనే నిరూపించి చూపారు. ఐరోపాలో చాలా దేశాల్లో నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అన్న లెక్కనే వాడుతున్నారు. అమెరికాలో 2013 మోడళ్ల నుంచి ప్రతి కొత్త కారు మీద అతికించే పత్రంలో ఏడాది ఇంధన ఖర్చుతో పాటు, సగటు కొత్త కారుతో పోలిస్తే అయిదేళ్లలో ఎంత మిగులుతుందో లేక ఎంత అదనంగా అవుతుందో ముద్రిస్తున్నారు. ఇంధనానికి ఇంతవరకు చేయగలిగినప్పుడు మిగతా ఖర్చులను వదిలేయడానికి నాకు కారణం కనిపించడం లేదు.

ఈ విషయం నన్ను ఇంతగా కలవరపెట్టడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. వాయిదా, బీమా కట్టక తప్పదు, ఇంధనం పోయక తప్పదు. చేతిలో డబ్బు చాలనప్పుడు కుటుంబాలు వెనక్కి నెట్టగలిగేవి సర్వీసింగ్, టైర్ల మార్పిడి వంటివే. గాడి అరిగిపోయిన టైరు తడి రోడ్డు మీద నీటిని పక్కకు తోయలేక పట్టు కోల్పోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని నిర్ణీత కాలానికి మార్చకపోతే, వరుసగా బ్రేకులు వేసి వేడెక్కినప్పుడు అందులోని నీరు ఆవిరై పెడల్ మెత్తబడి బ్రేకులు సరిగా పట్టకపోవచ్చు. కొన్ని ఇంజిన్లలో వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్ట్ అనే పట్టీని సమయానికి మార్చక అది తెగిపోతే, వాల్వులకు పిస్టన్లు తగిలి ఇంజిన్ మొత్తాన్నే విప్పవలసి వస్తుంది. వీటికి ఏ ఏడాది ఎంత పక్కన పెట్టుకోవాలో మొదటి రోజే తెలిసిన కుటుంబం అవసరమైతే ఇంకాస్త చిన్న కారు కొనుక్కుని, దాన్ని సురక్షితంగా నడుపుకుంటుంది.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. వాటి ధర ఎక్కువైనా ఇంజిన్ ఆయిల్, క్లచ్ వంటివి ఉండవు, బ్రేక్ ప్యాడ్లు నెమ్మదిగా అరుగుతాయి. అయితే బరువు వల్ల టైర్లు త్వరగా అరగవచ్చు. ధరలు మాత్రమే పక్కపక్కన పెట్టి పెట్రోలు కారుతో వాటిని పోల్చడం సాధ్యం కాదు.

భవిష్యత్తు ఖర్చును ముందుగా ఎలా చెప్పగలమని తయారీదారులు అభ్యంతరం చెప్పవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. కచ్చితమైన ఒకే అంకె ఎవరూ ఇవ్వలేరు, నేనూ అడగడం లేదు. ఏడాదికి తక్కువ, మధ్యస్థ, ఎక్కువ దూరం తిరిగేవారికి వేరువేరుగా, ఏ ఇంధన ధర ఆధారంగా లెక్క వేశారో తెలుపుతూ, కనిష్ఠ గరిష్ఠ అంచనాలు ఇస్తే చాలు. ఏ సర్వీసు ఎప్పుడు చేయించాలో తయారీదారు ముందే నిర్ణయించి ఉంటాడు; ప్రీమియం లెక్కలు బీమా సంస్థల దగ్గర ఉంటాయి; పాత కార్లు ఏ ధరకు చేతులు మారుతున్నాయో వాటిని కొని అమ్మే వ్యాపారులకు తెలుసు. లెక్క వేసే పద్ధతిని మాత్రం మీ శాఖే నిర్ణయించి అందరికీ ఒకటే ఉంచాలి, లేకపోతే ఎవరికి అనుకూలమైన లెక్క వారు వేస్తారు. ఆ పత్రాన్ని బుకింగ్ సొమ్ము తీసుకోకముందే ఇవ్వాలని, వాయిదా వివరం ఉన్న చోటే మొత్తం వడ్డీని కూడా అంతే పెద్ద అక్షరాలతో రాయాలని నియమం పెట్టండి.

ముందుగా ఎక్కువగా అమ్ముడయ్యే మోడళ్లతో మొదలుపెట్టి, ముసాయిదాను ప్రజల ముందుంచి, కారు యజమానుల నుంచి, మెకానిక్కుల నుంచి కూడా అభిప్రాయాలు తీసుకోవలసిందిగా మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక కారు యజమాని