పిల్లిని ఇచ్చేసి వచ్చాను

ఎడిటర్ గారికి,

మూడేళ్లు పెంచిన పిల్లిని పోయిన ఆదివారం జంతు సంరక్షణ కేంద్రంలో ఇచ్చేసి వచ్చాను. మా అబ్బాయికి ఆయాసం ఎక్కువైంది, డాక్టర్ గారు ఇక పిల్లి వద్దనేశారు, చుట్టాలనీ పక్కింటివాళ్లనీ అడిగితే ఎవరూ తీసుకోలేదు. ‘ఫిషింగ్ హార్బర్ దగ్గర వదిలేయండమ్మా, చేపలు తిని బతికేస్తది’ అన్నాడు మా వాచ్‌మన్. పెరుగన్నం తిని సోఫా మీద పడుకునే పిల్లికి అక్కడి కుక్కల సంగతి ఏం తెలుసు? పైగా పెంపుడు జంతువును అలా వదిలేస్తే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. జరిమానా మాత్రం మొదటిసారికి 10 నుంచి 50 రూపాయలే, ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తుల ఖర్చు! కేంద్రంలో బోనులన్నీ నిండిపోయి ఉన్నాయి. పిల్లి చూలు రెండు నెలలే కదా, మన నగరపాలక సంస్థ జీవీఎంసీ వాళ్లు కుక్కలకు చేయిస్తున్నట్టే పిల్లులకూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలి.

— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం