వార్షిక నివేదిక: రిక్ లో గారి కళ, థర్డ్ వార్డ్ ఇళ్లు, మన సంఘం

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకలు, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నందున ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది మన సాంస్కృతిక విభాగం కొత్తగా చేపట్టింది ఒక అధ్యయనం. మనలో చాలామంది కారులో దాటిపోవడమే తప్ప దిగి చూడని, చారిత్రకంగా నల్లజాతివారి వాడ అయిన థర్డ్ వార్డ్‌లో, మన హ్యూస్టన్ చిత్రకారుడు రిక్ లో గారు మూడు దశాబ్దాల క్రితం మొదలుపెట్టిన పనిని తెలుసుకోవడానికి సభ్యుల బృందం అక్కడికి వెళ్లింది, తర్వాత చర్చా సమావేశాలు జరిపింది.

రిక్ లో గారు 1961లో అలబామా పల్లెసీమలో పుట్టి, 1985లో హ్యూస్టన్ చేరారు. సమాజంలోని అన్యాయాన్ని బొమ్మల్లో చూపడమే అప్పట్లో ఆయన పని. 1990 ప్రాంతంలో ఆయన స్టూడియోకు వచ్చిన హైస్కూలు విద్యార్థుల్లో ఒకరు, మా వాడలో ఏం జరుగుతోందో మాకు తెలుసు, దాన్ని మళ్లీ మాకు చూపించనక్కర్లేదు, మీరు కళాకారులైతే పరిష్కారమే సృష్టించవచ్చు కదా అని అడిగారు. ఆ ప్రశ్నే తన దారి మార్చిందని ఆయన అనేక సందర్భాల్లో చెప్పారు.

దారి చూపినవారు మరొకరు కూడా ఉన్నారు. టెక్సస్ సదరన్ విశ్వవిద్యాలయంలో కళా విభాగాన్ని నెలకొల్పిన జాన్ బిగర్స్ గారు, అందరూ శిథిలాలుగా చూసే నల్లజాతి వాడల ఇరుకు ఇళ్లను తన చిత్రాల్లో గౌరవంగా నిలబెట్టారు. ఆ స్ఫూర్తితో లో గారు, మరో ఆరుగురు ఆఫ్రికన్ అమెరికన్ కళాకారులు కలిసి 1993లో, కూలిపోయే స్థితిలో ఉన్న 22 ఇళ్లను నిలబెట్టి ప్రాజెక్ట్ రో హౌసెస్‌కు శ్రీకారం చుట్టారు. ఆ ఇళ్లలో ఒకదాని వెనుక ఒకటిగా గదులు, ముందు చిన్న వరండా, పక్కింటికి చేతికందేంత దూరం. మన ఊళ్లలో అరుగు చేసిన పనే అక్కడ ఆ వరండా చేసిందని బృందంలోని పెద్దలు గుర్తించారు. దారిన పోయేవారిని పలకరించకుండా అక్కడ కూర్చోవడం కుదరదు.

కొన్ని ఇళ్లను కళాకారుల ప్రదర్శనలకు కేటాయించగా, మరికొన్నింటిలో చదువుకుంటూ పిల్లలను ఒంటరిగా పెంచుతున్న యువ తల్లులకు నివాసం కల్పించారు. మొత్తం కృషిలో మా మనసుకు బాగా హత్తుకున్నది ఇదే. అక్కడ కళా ప్రదర్శనకూ పక్కింట్లో పసిబిడ్డ ఏడుపుకూ మధ్య ఉన్నది ఒక సన్నని సందు మాత్రమే, ఆ సామీప్యాన్ని కోరి ఏర్పరచారు. చుట్టూ భూమి ధరలు పెరిగి పాతవారు చోటు కోల్పోవడాన్ని కళ ఒక్కటే ఆపజాలదని గ్రహించి, 2003లో తక్కువ అద్దె ఇళ్ల కోసం ప్రత్యేక సంస్థను కూడా ఏర్పాటు చేశారు. 2014లో లో గారికి, అసాధారణ సృజన చూపినవారికి అమెరికాలో ఇచ్చే మెక్ఆర్థర్ ఫెలోషిప్ లభించింది.

ఇటీవలి పనుల్లో రెండింటిని చర్చించాం. ఓక్లహోమాలోని టల్సా నగరంలో 1921లో శ్వేతజాతి మూక గ్రీన్‌వుడ్ అనే నల్లజాతివారి వాడను తగలబెట్టింది. ఆ ఘోరానికి నూరేళ్లు నిండిన 2021లో, స్థానిక కళాకారులతో కలిసి ఆ జ్ఞాపకాన్ని వీధుల్లోకి తెచ్చిన గ్రీన్‌వుడ్ ఆర్ట్ ప్రాజెక్ట్‌కు ఆయన నాయకత్వం వహించారు. రెండవది ఆయన చిత్రలేఖనం. వాడలోని వారితో డామినోలు (చుక్కలున్న బిళ్లలను వరుసగా పేర్చే ఆట) ఆడుతూ కబుర్లు వినడం ఆయనకు అలవాటు. ఆటలో బిళ్లకు బిళ్ల ఆనుకుంటూ, మలుపు తిరుగుతూ బల్లమీద పరుచుకునే వరుసలే ఆయన కొత్త చిత్రాలకు ఆధారం. పొరలు పొరలుగా రంగు, కాగితం అతికిన ఆ చిత్రాలు పైనుంచి చూసిన నగర పటాల్లా కనిపిస్తాయి. 2024లో ఇటలీలోని వెనిస్‌లో పలాజ్జో గ్రిమాని మ్యూజియంలో కూడా ఆయన చిత్రాలు ప్రదర్శించారు. ఒక బల్ల చుట్టూ తీరిగ్గా కూర్చున్న కాలాన్ని కూడా కళలో భాగంగానే లెక్కించిన తీరు మా గౌరవాన్ని పొందింది.

ఈ అధ్యయనం మన సంఘం పనితీరుపైకీ మా దృష్టిని మళ్లించింది. మన ఖర్చులో అధిక భాగం వేదిక మీద చూపించేదానికే పోతోంది. పిల్లల దగ్గరికి వచ్చి, కారు నడపలేక, పగలంతా ఇంట్లో ఒంటరిగా గడిపే తల్లిదండ్రులను, కొత్తగా వచ్చిన విద్యార్థులను, మీకేం కావాలని మనం కూర్చుని అడిగింది చాలా తక్కువ. అందువల్ల కార్యవర్గం రెండు ప్రతిపాదనలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతోంది. మొదటిది, వేదిక అలంకరణ ఖర్చులో కొంత తగ్గించి, సభ్యులు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్లలో నెలకొకసారి పెద్దలతో, విద్యార్థులతో కూర్చుని వారి అవసరాలు తెలుసుకోవడం. రెండవది, థర్డ్ వార్డ్ కళాకారులను మన పిల్లల తరగతులకు ఆహ్వానించి, వారి సమయానికి తగిన పారితోషికం చెల్లించడం. రెండింటి అంచనా వ్యయ పట్టికను ఈ నివేదికకు జతపరిచాం. సభ్యులు పరిశీలించి, సవరణలు ఉంటే సమావేశానికి ముందే కార్యదర్శికి లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం.