ఎమ్మాయు బొమ్మ వేసే ముందు

విశాఖపట్నం

చిట్టితల్లికి,

ప్రభువు నామంలో దీవెనలు. ఈస్టర్‌కి మన చర్చిలో పెట్టడానికి ఎమ్మాయు భోజనం, అదే, తిరిగి లేచిన యేసు ఎమ్మాయు అనే ఊరికి ఇద్దరు శిష్యులతో నడిచివెళ్లి వాళ్లతో భోజనానికి కూర్చున్న ఘట్టం, వేస్తానన్నందుకు సంతోషం. నీ స్కెచ్ చూశాం. యేసు తల చుట్టూ ఆ వెలుగు వలయం తీసెయ్యి తల్లీ. అంత వెలిగిపోతుంటే, ఆమడ దూరం పక్కనే నడిచిన ఇద్దరూ ఆయన్ని ఎందుకు పోల్చుకోలేదని చూసేవాళ్లకి అనుమానం రాదూ? లూకా సువార్త 24వ అధ్యాయంలో దారిపొడుగునా లేఖనాలు వింటుంటే వాళ్ల గుండె మండింది గానీ, కళ్లు తెరుచుకున్నది రొట్టె విరిచి ఇచ్చినప్పుడే. ఆ వెంటనే ఆయన కనబడలేదు. నువ్వు పట్టుకోవాల్సింది ఆ రెప్పపాటు.

ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో ఇదే భోజనాన్ని 1601లో వేసింది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, ఫోన్‌లో పెద్దది చేసి చూడు. వలయం లేదు. పూటకూళ్లాయన నీడ వెనక గోడమీద యేసు తల చుట్టూ పడి ఆ పని చేసేస్తుంది! ఆ పూటకూళ్లాయనకి ఏం జరుగుతోందో తెలీదు, నెత్తిమీద టోపీ అయినా తియ్యలేదు. శిష్యుల్లో ఒకడు కుర్చీ పట్టుకుని లేవబోతుంటే రెండోవాడు చేతులు బార్లా చాపేశాడు. పళ్లబుట్ట బల్ల అంచు దాటి, పడిపోతుందేమో అన్నట్టుంటుంది. 1606లో మళ్లీ వేసింది మిలాన్‌లో ఉంది. అందులో బుట్ట లేదు, చేతుల ఆర్భాటమూ లేదు. మన చర్చికి నా ఓటు దానికే.

ఇక రొట్టె. అది పులియని రొట్టెల పండుగ వారం, కాబట్టి బేకరీ బన్నులా ఉబ్బించకు. మందంగా ఒక చపాతీ కాల్చుకుని, బొటనవేళ్లు రెండూ మధ్యలో పెట్టి చింపి చూడు. అంచు తిన్నగా తెగదు, పీచుపీచుగా సాగుతుంది, వేలికణుపులు తెల్లబడతాయి. అది వెయ్యి. వెనక బెంచీలవాళ్లకి ముఖాలు ఆనవు, అందుకని చేతులు ఒక పిసరు పెద్దవిగానే ఉంచు. పొద్దు వాలిందని లూకా చెప్పాడు కదా, వెలుగు ఒక్క పక్కనుంచే, కిందుగా రావాలి. నీ స్కెచ్‌లో కూజా నీడ ఒకవైపు, బల్ల నీడ ఇంకోవైపు పోతున్నాయి.

గోడమీద మాత్రం వద్దు. మన సముద్రపు గాలికి ప్లాస్టరులో ఉప్పు పొంగి రంగు పెచ్చులూడుతుంది. 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ఆరడుగులు, నాలుగడుగులు కోయించు. ప్రైమరు రెండు వైపులా, అంచులకీ రెండేసి కోట్లు కొట్టాలి. ఒకవైపే కొడితే చెక్క వంగుతుంది. వెనక అంగుళం మందం పట్టీలు కొట్టి తగిలిస్తే గాలాడుతుంది. వార్నిష్ మ్యాట్‌దే తీసుకో, లేకపోతే ట్యూబ్‌లైటు మెరుపులో బొమ్మ కనబడదు.

నీడలు సరిచేసి ఫోటో పెట్టు.

మీ నాన్న