సమాధి దగ్గరే గుర్తొచ్చే దేవుని చిత్తం

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ ఆధ్యాత్మిక పేజీలో దేవుని సార్వభౌమత్వం గురించి ఒక పాస్టరు గారు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఒక్క మాట కూడా తప్పు పట్టలేను. అయితే దానికి సరిగ్గా కిందనే మూడు రోజుల స్వస్థత కూటాల ప్రకటన వేశారు. షుగరు, క్యాన్సరు, పక్షవాతం, సంతానలేమి, అన్నిటికీ విడుదల అట. పైన వ్యాసంలో ఉన్న దేవుడు తన చిత్తప్రకారం చేసేవాడు. కింద ప్రకటనలో ఉన్న దేవుడు మనం అచ్చు వేయించిన తేదీకి, మనం చెప్పిన మైదానానికి వచ్చి చేసేవాడు. ఆ రెండో దేవుణ్ణి నమ్మి మా చెల్లెలు పోయింది. అందుకే ఈ ఉత్తరం.

నేను 34 ఏళ్లు నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో పని నేర్చుకున్నాను. పుట్టుకతో లూథరన్ (మార్టిన్ లూథరు బోధను అనుసరించే ప్రొటెస్టెంటు) సంఘస్థురాలిని. మా పల్లె మందిరంలో గంట కొట్టింది మా తాతగారు, ఆయన తరువాత మా నాన్నగారు. కాబట్టి ప్రార్థనను ఎగతాళి చేయడానికి రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. డాక్టర్లు ఇక ఇంటికి తీసుకెళ్లండి అన్న మనుషులు లేచి నడిచి వెళ్లడం నా కళ్లతో చూశాను. ఎలా బాగయ్యారో ఇప్పటికీ చెప్పలేను. దేవుడు స్వస్థపరుస్తాడు. దాని మీద నాకు తగాదా లేదు.

చెల్లెలికి 17 ఏళ్లుగా షుగరు. చివరి ఆరేళ్లు మాత్రలతో పాటు ఇన్సులిన్ సూది కూడా. ఏడాదిన్నర కిందట వాళ్ల ఊరి దగ్గర జరిగిన కూటాలకు వెళ్లింది. మూడో రోజు బోధకుడు వేదిక మీద నుంచి, ఆమేన్ అన్న నోటితోనే మాత్ర ఎలా మింగుతారని జనాన్ని అడిగాడట. (ఆయన వాక్యం చదివేటప్పుడు కళ్లజోడు పెట్టుకుంటాడు. దాన్ని మాత్రం ఎవరూ అవిశ్వాసం అనలేదు.) చెల్లెలు ఇంటికి ప్రార్థన నూనె సీసాతో వచ్చి, ఆ రాత్రే సూదీ, మాత్రలూ మానేసింది. ఫ్రిజ్ తలుపు అరలో కరివేపాకు డబ్బా పక్కన రెండు ఇన్సులిన్ సీసాలు అలాగే ఉండిపోయాయి. ఫోనులో కోప్పడ్డాను, బతిమాలాను. "అక్కా, నీకు చదువుంది, నాకు విశ్వాసముంది" అంది.

ఆ మైదానంలో చెప్పులు లేకుండా తిరిగినప్పుడు అరికాలికి బొబ్బ లేచింది. షుగరు ముదిరిన పాదానికి నొప్పి తెలియదు. బొబ్బ పుండయింది, వేళ్లు నల్లబడ్డాయి. అప్పటికి గానీ మా మరిది నాకు కబురు చేయలేదు. ఆసుపత్రికి తెచ్చేసరికి షుగరు మిషను అంకె కూడా చూపలేదు, 'HI' (హై, అంటే కొలతకు అందనంత ఎక్కువ) అని మాత్రం చూపింది. ఆ రెండక్షరాలు నా ఉద్యోగంలో ఎన్నిసార్లు చూశానో. మూడు రోజులు ఐసీయూలో ఉండి కన్నుమూసింది.

ఐసీయూలో ఉన్న రెండో రోజు ఆ బోధకుడు వచ్చాడు. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న మావాళ్లతో, "ఇంట్లో ఎవరిదో విశ్వాసం చాలలేదు, సందేహం ఉన్నచోట అద్భుతం ఆగిపోతుంది" అన్నాడు. తను పోయిన పన్నెండు రోజుల తరువాత, ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికలో అదే మనిషి, "ఇది దేవుని చిత్తం, ఆయన సార్వభౌముడు, కుమ్మరిని మట్టి ప్రశ్నించకూడదు" అని గంటసేపు ప్రసంగించాడు. బాగైనవారిని ఆయన వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పిస్తాడు. బాగుకానివారి విషయంలో తప్పును వాళ్ల అవిశ్వాసం మీదే వేస్తాడు. పోయినవారిని దేవుని చిత్తానికి అప్పగిస్తాడు. ఈ లెక్కలో బోధకుడికి ఏనాడూ నష్టం రాదు.

ఇంతటితో అయితే గుండె రాయి చేసుకుని ఊరుకునేదాన్నేమో. చెల్లెలి కూతురు పదకొండు నెలలు ఎవరికీ చెప్పని మాట ఒకటి ఈ మధ్య నాకు చెప్పింది. తల్లి మాత్రలు మానేసిన కొత్తలో, ఆమెకు తెలియకుండా మాత్ర నూరి మజ్జిగలో కలిపి ఇచ్చిందట. తొమ్మిది రోజులు. తరువాత భయపడి మానేసింది. "పెద్దమ్మా, సందేహం నాదే కదా. ఆ తొమ్మిది రోజులే అమ్మను చంపాయా?" అని అడిగింది. నర్సుగా జవాబు చెప్పాను, ఆ తొమ్మిది రోజులే కాస్తయినా కాపాడి ఉంటాయి అని. తల ఊపింది గానీ నమ్మలేదు. ఇప్పుడు మందిరం గుమ్మం తొక్కడం లేదు.

ఆ పిల్లకు ఆ మాట ఎక్కించింది ఎవరు? బైబిలులో అపొస్తలుడు పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రికలో, "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని ఉంది. మా లూథరన్ పిల్లలకు నిర్ధారణ తరగతిలోనే (సంఘంలో పూర్తి సభ్యులయ్యే ముందు చెప్పే పాఠాల్లోనే) కంఠతా వస్తుంది. మా చిన్నప్పటి పాస్టరు గారు దీన్ని బావితో చెప్పేవారు. బావిలో పడ్డవాడు పైనుంచి వేసిన తాడు పట్టుకుని బయటికొస్తే, ఊరు తాడు వేసినవాడికి దండం పెడుతుంది గానీ పట్టుకున్నవాడి పిడికిలికి పెట్టదు అనేవారు. "పిడికిలి వదులైపోతే, అయ్యగారూ?" అని నేను అడిగాను. "అందుకే కదమ్మా, తాడుకు గంప కట్టి దించేది" అన్నారు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని సువార్తలో జబ్బు బిడ్డ కోసం ఏడ్చిన తండ్రిని, నీ నమ్మకం ఇంకా చాలలేదు పొమ్మని యేసు పంపేయలేదు, బిడ్డను బాగుచేశాడు. ఇప్పటి కూటాల్లో పిడికిలి బలాన్నే తూకం వేస్తున్నారు. వెల కట్టాక అది కృప ఎలా అవుతుంది?

లూథరు పేరు చెప్పుకునేవాళ్లం కనుక ఆయన ఇంటి సంగతి ఒకటి. 1542 సెప్టెంబరులో ఆయన కూతురు మగ్దలేనా పదమూడేళ్ల వయసులో జబ్బుపడి, తండ్రి చేతుల్లోనే కన్నుమూసింది. ఆయన మోకరించి ప్రార్థించాడు, ఏడ్చాడు, దేవుని చిత్తానికి అప్పగించాడు. ఆయన దేవుని చిత్తం అన్నది బిడ్డ ఊపిరి ఉండగానే, కన్నీళ్ల మధ్యన. ఎవరి విశ్వాసం తక్కువైందని ఆ ఇంట్లో ఎవరినీ నిలదీయలేదు. విశ్వాసంవల్లనే మనిషి నీతిమంతుడవుతాడని యూరప్ అంతటికీ చాటినవాడికే ఆవగింజంత విశ్వాసం లేకపోయిందా?

మందు సంగతి కూడా అంతే. 1842లో గుంటూరుకు సువార్త తెచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యరు మధ్యలో అమెరికా వెళ్లి, యాభై దాటిన వయసులో వైద్యం చదివి పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చాడు. 1883లో వచ్చిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ మన ఆడవాళ్లకు వైద్యం చేస్తూ గుంటూరులోనే 1930లో చనిపోయింది. మా తాతల చేతికి బైబిలు ఇచ్చినవారే మందు సీసా కూడా ఇచ్చారు. ఆ రెంటికీ పడదని మాకు ఎవరూ చెప్పలేదు.

ఇలాంటివి పత్రికకెక్కిస్తే బయటివాళ్లు నవ్వుతారని మా సంఘంలో కొందరు అంటారు. నవ్వనివ్వండి. తాయెత్తులు, విబూదులు అమ్మేవారు అన్ని మతాల్లోనూ ఉన్నారు, వాళ్ల సంగతి వాళ్ల ఇంటివాళ్లు చూసుకుంటారు. మా ఇల్లు మేము ఊడ్చుకోవాలి.

మీకు రెండు మనవులు. అద్భుత చికిత్సల ప్రకటనలను అదుపు చేయడానికి కేంద్రం 1954లోనే చట్టం చేసింది. దాని షెడ్యూలులో షుగరు, క్యాన్సరు, పక్షవాతం మూడూ ఉన్నాయి. ప్రార్థన నూనె ఆ చట్టం కిందికి వస్తుందో రాదో లాయర్లు తేల్చుకుంటారు. మీ ప్రకటనల విభాగం మాత్రం రోగాల పేర్లున్న ప్రకటన తీసుకునే ముందు ఆ జాబితా ఒకసారి చూడాలి.

రెండోది ఆ వ్యాసం రాసిన పాస్టరు గారికి. అయ్యా, బైబిలులోని త్రోఫిము గురించి ఒక వారం రాయండి. ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తెచ్చి వేస్తేనే రోగులు బాగయ్యారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. త్రోఫిము ఆ ఎఫెసువాడే, పౌలుతో కలిసి తిరిగినవాడు. అలాంటివాణ్ణి రోగిగా మిలేతులో విడిచివచ్చానని పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివర ఒక్క ముక్కలో రాస్తాడు. అతని విశ్వాసం గురించి ఒక్క మాట అనడు. నేను చెబితే పెద్దమ్మ ఓదార్పుకు చెబుతోంది అనుకుంటుంది మా పిల్ల. మీరు రాస్తే ఆ ముక్క కత్తిరించి పోస్టులో పంపుతాను. తను హైదరాబాదులో ఉంటుంది, అక్కడి ఎడిషనులో ఈ పేజీ రాదట.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు,
నరసరావుపేట, పల్నాడు జిల్లా